శెట్టిగారి అబ్బాయికి నేను రాసిన కెమిస్ట్రీ

కొత్తగా కాలేజీ ఉద్యోగంలో చేరినవాళ్ళు అప్పుడప్పుడూ నన్ను చూడటానికి వస్తుంటారు. పాఠం ఎలా చెప్పాలి సార్ అని అడుగుతారు. పాఠం చెప్పడం ఎవరికి వాళ్ళు నేర్చుకోవలసిందే. నాలుగేళ్ళు పిల్లలు మొహం మీదే ఆవులిస్తే అదే వస్తుంది. ఎవరూ అడగనిది, నేను చెప్పాలనుకునేది వేరే ఒకటుంది. జూన్ నెలలో కాలేజీ వరండాలో ఒక బల్ల వేస్తారే, ఫస్టియరు పిల్లలకు ఏ సబ్జెక్టులు రాయాలో తేల్చే బల్ల, దాని గురించి. జీవితమంతా కెమిస్ట్రీ చెప్పాను. వెనక్కి తిరిగి చూసుకుంటే నేను చేసిన మేలూ కీడూ పాఠాల్లో కంటే ఆ బల్ల దగ్గరే ఎక్కువ జరిగాయనిపిస్తుంది.

జూన్ నెల బల్ల

మా కాలేజీ మద్రాసు ఉత్తరపు కొసన, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉండేది. ఆ ఉప్పుగాలికి లేబొరేటరీలో తక్కెడలు కూడా తుప్పు పట్టేవి. రాయపురం, తొండియార్‌పేట పిల్లలు నడిచి వచ్చేవాళ్ళు. అంబత్తూరు వైపు వాళ్ళు రైల్లో వచ్చేవాళ్ళు. యాభైల చివరి రోజులు. ఇంటర్మీడియట్ పోయి ప్రీ-యూనివర్సిటీ కొత్తగా వచ్చింది. అది దాటిన కుర్రాడు మూడేళ్ళ బీయస్సీకి వచ్చి మెయిన్ ఒకటి, దానికి తోడు యాన్సిలరీలు రెండు ఎంచుకోవాలి. ఎంచుకోవాలి అని కాగితం మీద ఉండేది. నిజానికి ఎవరు ఎంచుకునేవాళ్ళు?

బల్ల ముందు రెండు కుర్చీలు వేసేవాళ్ళం. ఒకటి గార్డియనుకు, రెండోది గార్డియను వెంట వచ్చిన బాబాయికో మామకో. చదవబోయేవాడు నిలబడాలి. అదేం రూలు కాదు, అలవాటు. మేము గార్డియనును అడిగేవాళ్ళం, గార్డియను చెప్పేవాడు, మేము రాసేవాళ్ళం. నిలబడినవాడు గోడ మీద బల్లిని చూస్తూ ఉండేవాడు. ఒకాయన వచ్చి, "ఏది చదివితే కళ్ళజోడు రాదో అది రాయండి సార్, మావోడికి ఇంకా పెండ్లి కావాల" అన్నాడు. ఇంకొకాయన బాటనీ వద్దన్నాడు. ఎందుకండీ అంటే, "చెట్లు గదా సార్. మా ఇంట్లో యాడుండాయి చెట్లు? జువాలజీ రాయండి, ఆవుండాది" అన్నాడు. నవ్వుకుంటూ రాశాను. ఆ అబ్బాయి జువాలజీలో బాగానే పైకొచ్చాడు, ఆవు చలవో ఏమో.

అందుకని గార్డియన్ల మీద నాకు కోపం లేదు. వాళ్ళు తెలియక చెప్పేవాళ్ళు, తెలియదని ఒప్పుకునేవాళ్ళు. అసలు ప్రమాదం బల్లకు ఇవతల పక్క, తెలుసనుకుని కూర్చున్న మనతోనే.

రంగుల కొట్టువాళ్ళు

నేను ఉద్యోగంలో చేరి రెండేళ్ళో మూడేళ్ళో అయింది. ఇరవై ఆరేళ్ళ వయసు. మనిషిని చూడగానే వాడికేం సబ్జెక్టు పనికొస్తుందో చెప్పేయగలనని గట్టి నమ్మకం. ఒక మధ్యాహ్నం కన్నయ్య శెట్టిగారు కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. పొట్టిగా, బొద్దుగా, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్న మనిషి. తాతల నాడే నెల్లూరు వైపు నుంచి వచ్చేశారు, ఇంట్లో మాత్రం తెలుగే. కాపురం తొండియార్‌పేట, వ్యాపారం జార్జిటౌను. కొడుకు పేరు శేషాచలం. పొడుగ్గా, సన్నగా, మెడ కొంచెం ముందుకు వంచి నిలబడ్డాడు. లెక్కల్లో మంచి మార్కులు, తక్కినవి ఫరవాలేదు.

"ఏం వ్యాపారమండీ?" అని అడిగాను. వ్యాపారస్తుల పిల్లలు వస్తే ముందు అదే అడిగేవాణ్ణి.

"అద్దకం రంగులు సార్. నూలుకి అద్దేవి. కైలీలు, అదే లుంగీలు, నేయించేవాళ్ళంతా మన కొట్లోనే కొంటారు."

నాకు ఒళ్ళు పులకరించింది. ఎన్నాళ్ళనుంచో ఇలాంటి కేసు కోసమే కాచుకున్నవాణ్ణి. "ఇంకేమండీ! తాతల నాటి రంగుల వ్యాపారం. రంగంటేనే కెమిస్ట్రీ. మీవాడు కెమిస్ట్రీ మెయిన్ చదివాడంటే రేపు రంగులు అమ్మడం కాదు, తయారే చేస్తాడు" అన్నాను.

శెట్టిగారు కొడుకు వంక చూశారు. కొడుకు తండ్రి వంక చూశాడు. ఇద్దరూ తల ఊపారు. నేను రాసేశాను. అంతా కలిపి నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ సాయంత్రం మెస్సులో స్నేహితుడికి ఈ సంగతి చెప్పి, చూశావా, బల్ల దగ్గర మనలాంటివాడు ఉండాలి అని గొప్పలు కూడా పోయాను.

నేను పట్టుకున్న దొంగతనం

శేషాచలం నోరెత్తే పిల్లవాడు కాదు. క్లాసులో మూడో వరసలో కూర్చునేవాడు. పరీక్ష పెడితే రాసేవాడు, లెక్కలొచ్చేచోట నాకంటే తొందరగా చేసేవాడు. ప్రాక్టికల్సులో కూడా మొదట్లో తిరుగులేదు. అప్పుడు టైట్రేషన్లు చేయిస్తున్నాను. ఈ పని తెలియనివాళ్ళకు ఒక్క మాటలో చెబుతాను: ఫ్లాస్కులో క్షారం పోసి రెండు చుక్కలు మిథైల్ ఆరెంజి వేస్తే పసుపు రంగు వస్తుంది. పైన గొట్టంలోంచి ఆమ్లం చుక్కచుక్కగా వదులుతూ పోతే ఒక చుక్క దగ్గర ఆ పసుపు తిరిగి నారింజ అవుతుంది. ఆ చుక్క దగ్గర ఆపడమే పనితనం. ఒక్క చుక్క దాటితే ఎర్రబడుతుంది, లెక్క తప్పుతుంది. శేషాచలం ఆ చుక్క దగ్గరే ఆపేవాడు.

మా లేబొరేటరీ అటెండరు మునుసామి. రాయపురం మనిషి, అప్పటికే జుట్టు నెరిసిపోయింది. దొరల కాలం నుంచీ ఆ గదిలోనే ఉన్నాడు. సీసాలు నింపడం, గ్లాసు సామాను కడగడం, గ్యాసు చూసుకోవడం ఆయన పని. ఒక వారం ఆయనకు జ్వరం వచ్చి రాలేదు. ఆ వారం శేషాచలం గొట్టం మీది ఇరవయ్యో గీత దగ్గర ఆపవలసింది ముప్పై ఒకటి దాకా వదిలాడు. ఫ్లాస్కులో నీళ్ళు మందారంలా ఎర్రబడి ఉన్నాయి, వాడు ఇంకా వదులుతూనే ఉన్నాడు. మళ్ళీ చేయమంటే ఈసారి పన్నెండు దగ్గరే ఆపేశాడు. పైవారం మునుసామి వచ్చాడు. శేషాచలం మళ్ళీ ఇరవై దగ్గర, చుక్క తేడా లేకుండా ఆపాడు.

నాకు అనుమానం వచ్చింది. స్తంభం పక్కన నిలబడి గమనించాను. మునుసామి బల్లల మధ్య నడుస్తూ వస్తుంటే ఈ కుర్రాడు ఫ్లాస్కు వంక కాదు, ఆయన వంక చూస్తున్నాడు. ఆయన వీడి దగ్గరికి వచ్చి ఒక్క క్షణం ఆగాడు. వీడు టక్కున గొట్టం కొళాయి కట్టేశాడు.

దొరికారు దొంగలు అనుకున్నాను. డబ్బున్న శెట్టిగారి కొడుకు అటెండరు చేతిలో ఏదో పెట్టి సైగలు చేయించుకుంటున్నాడు. ఇంకేం కావాలి? శాస్త్రం చదివినవాణ్ణి కదా, ప్రయోగం కూడా చేసినట్టే అయింది: మునుసామి ఉంటే సరైన జవాబు, లేకపోతే తప్పు. శేషాచలాన్ని పక్కకు పిలిచి, "నీ లెక్కలు ఎలా వస్తున్నాయో నాకు తెలుసు" అన్నాను. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడే గానీ ఒక్క మాట చెప్పలేదు. నేను ఒకటిన్నర పేజీ రిపోర్టు రాసి మా శాఖ ప్రొఫెసరు గారికి ఇచ్చాను. ప్రాక్టికల్సులో మోసం రుజువైతే మా కాలేజీలో ఆ ఏడాది పోయినట్టే. పేరు కూడా నోటీసు బోర్డులో పెడతారు. ప్రొఫెసరు గారు వచ్చే సోమవారం విచారణ అన్నారు.

ఆ రిపోర్టు రాస్తున్నప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని ఇప్పటికీ మరిచిపోలేదు. అది మంచి సంతోషం కాదు. మీకెప్పుడైనా పిల్లల తప్పు పట్టుకున్నప్పుడు అలాంటి హుషారు వస్తే, ఆ రోజుకు కలం మూసి ఇంటికి వెళ్ళిపోండి.

మునుసామి తువ్వాలు

రిపోర్టు సంగతి మర్నాడు పొద్దున్నకే మునుసామికి తెలిసింది. తిన్నగా నా గదికి వచ్చాడు. చేతులు కట్టుకోలేదు.

"ఏం సార్, నేను సైగ చేసినానని రాసినారంట?"

"చేయలేదా?"

"ఇరవై తొమ్మిదేండ్లుగా ఈ గదిలో నడస్తా ఉండాను సార్. రంగు తిరిగిన ఫ్లాస్కు కనబడితే కాలు దానంతటదే నిలబడతాది. నాకే తెలవదు, ఆ పిల్లగాడు కనిపెట్టినాడు. వాడు ఫ్లాస్కు చూడడు సార్, నా మొహం చూస్తాడు."

"అదే కదా నేను రాసింది!"

"ఎందుకు చూస్తాడని అడగలా మీరు." మునుసామి భుజం మీది తువ్వాలు తీసి నా బల్ల మీద పెట్టాడు. కొత్తది, కంటికి కొట్టేంత ఎర్రనిది. "జ్వరం తగ్గి వచ్చిన దినం ఇదేసుకుని వస్తి. వాడు నా దగ్గరకొచ్చి, ఒళ్ళెట్లుండాది తాతా అని అడిగినాడు. ఈ కాలేజీలో నన్ను ఆ మాట అడిగినోడు వాడొక్కడే. ఆమేన ఏమన్నాడో తెలుసునా? 'ఆకుపచ్చ తువ్వాలు నీకు బాగుండాది తాతా' అన్నాడు. కండ్లుండేవాళ్ళు ఎవురన్నా దీన్ని చూసి ఆ మాటంటారా సార్?"

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఒకటిన్నర పేజీ రాసి ఇచ్చినవాణ్ణి. నాలుగో కాలు ఇప్పుడు నా బల్ల మీద, తువ్వాలు రూపంలో ఉంది. మునుసామికి క్షమాపణ చెప్పాలని నోరు తెరిచాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, "ఆ పిల్లగాణ్ణి చూడండి ముందు" అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం క్లాసులన్నీ అయ్యాక శేషాచలాన్ని లేబొరేటరీకి పిలిచి తలుపు వేశాను. రెండు ఫ్లాస్కులు పెట్టాను. ఒకటి రంగు తిరగనిది, ఒకటి తిరిగినది. ఏది తిరిగిందో చెప్పు అన్నాను. చాలాసేపు చూశాడు. తరువాత మెల్లగా తలెత్తి నా మొహంలోకి చూశాడు. నేను మొహం గోడవైపు తిప్పుకున్నాను.

కాసేపటికి వెనకనుంచి మాట వినిపించింది. "రెండూ ఒకటే సార్."

"ఎప్పటినుంచి?"

"పుట్టినప్పటినించే. ఎరుపు, ఆకుపచ్చ నాకు తెలవవు సార్. పసుపు, నారింజ, గోధుమరంగు కూడా కలిసిపోతాయి."

"ఇంట్లో తెలుసా?"

"అమ్మకి తెలుసు. మా తాతకి, అమ్మ వాళ్ళ నాయనకి కూడా అట్నే ఉండేదంట. నాయనకి చెప్పద్దనింది. రంగులమ్మే ఇంటికి రంగులు తెలవని పిల్లోణ్ణి కని ఇచ్చినానని అనుకుంటాడని." "బజారులో తెలిస్తే ఇంక కొట్టుకి ఎవురొస్తారు సార్? నేను సోమవారం మోసం చేసినానని ఒప్పుకుంటా. మీరు మాత్రం ఈ సంగతి నాయనకి చెప్పొద్దు."

తన సంవత్సరం పోయినా ఫరవాలేదు, దొంగ అని బోర్డు మీద పేరు పడినా ఫరవాలేదు, తల్లి మాట పడకూడదు. పదిహేడేళ్ళవాడు ఈ లెక్క వేసుకుని నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి ఫ్లాస్కులు కడుగుతున్నట్టు కొళాయి తిప్పి, మీ నాన్నకు చెప్పనులే అని మాట ఇచ్చాను.

కారణం అనే గడి

మా ప్రొఫెసరు గారు పాతకాలం మనిషి. మూసిన కోటు, నుదుట సన్నని నామం, వేళ్ళ మధ్య ఎప్పుడూ సుద్దముక్క. ఆయన్ను చూస్తే మాకందరికీ హడలు. జరిగింది మొత్తం చెప్పాను. ఆయన నా రిపోర్టు తీసి మళ్ళీ మొదటినుంచీ చదివారు.

"బాగా రాశావయ్యా. పరిశీలన ఉంది, ప్రయోగం ఉంది, ఫలితం ఉంది. ఒక్కటే లేదు. ఆ అబ్బాయిని ఏమైనా అడిగావా?"

"లేదండీ."

"రాళ్ళనూ రప్పలనూ అడగలేం గనక వాటి మీద ప్రయోగాలు చేస్తాం. నోరున్నవాణ్ణి అడగొచ్చు కదా?" రిపోర్టును నాలుగు ముక్కలు చేసి నా చేతికే ఇచ్చారు. కేకలేస్తారనుకుని వెళ్ళాను. కేకలేసినా బాగుండేది.

విచారణ గండం గడిచింది. కానీ అంతకంటే పెద్దది మిగిలే ఉంది. కెమిస్ట్రీ మెయిన్‌లో మూడేళ్ళు ఆ అబ్బాయి ఎలా నెగ్గుకొస్తాడు? ముందు ముందు మంటల రంగులు చూసి లవణాలు పోల్చాలి, అవక్షేపాల రంగులు చెప్పాలి. యూనివర్సిటీ పరీక్షకు వచ్చే బయటి ఎగ్జామినరు పక్కన మునుసామి నడవడు. సబ్జెక్టు మార్చాలి. మార్పులకు ఆ శనివారమే ఆఖరు. మేము మాట్లాడుకుంటున్నది బుధవారం.

"లెక్కల మెయిన్ ఇద్దామండీ, మార్కులున్నాయి" అన్నాను.

"యాన్సిలరీలు?"

"మామూలే కదండీ. ఫిజిక్సు, కెమి..." అని నాలుక కరుచుకున్నాను.

ఇక్కడ ఆగి చిన్నవాళ్ళకు ఒక మాట చెప్పాలి. మెయిన్ ఏది అని అందరూ కొట్టుకుంటారు. ఇంట్లో, వీధిలో, పెళ్ళిపందిట్లో అదే చర్చ. పిల్లల్ని చప్పుడు లేకుండా ముంచేది యాన్సిలరీ. మెయిన్ పక్కన అచ్చువేసినట్టు ఎప్పుడూ ఉండే రెండు పేర్లను ఆలోచించకుండా రాసేస్తాం. నా అనుభవంలో మధ్యలో చదువు మానేసినవాళ్ళలో చాలామంది ఇష్టపడి తీసుకున్న సబ్జెక్టులో కాదు, దానికి తోకలా వచ్చిన సబ్జెక్టులో తప్పి వెళ్ళిపోయినవాళ్ళే. బల్ల దగ్గర కూర్చున్నప్పుడు మెయిన్ గురించి ఒక ప్రశ్న వేస్తే యాన్సిలరీల గురించి రెండు వేయండి.

మా కాలేజీలో అప్పుడే స్టాటిస్టిక్సు యాన్సిలరీ కొత్తగా పెట్టారు. చేరినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. లెక్కలు, ఫిజిక్సు, స్టాటిస్టిక్సు అని తేల్చారు ప్రొఫెసరు గారు. లెక్కల శాఖ పెద్దతో ఆయనే మాట్లాడారు. నేను మార్పు ఫారం నింపడం మొదలుపెట్టాను. అందులో కారణం అని ఒక గడి ఉంది. కింద గార్డియను సంతకం. అసలు కారణం రాస్తే తండ్రికి తెలుస్తుంది. రాయకపోతే ఆఫీసువాళ్ళు ఫారం తీసుకోరు.

"గణితంలో ఆసక్తి అని రాస్తానండీ" అన్నాను.

ప్రొఫెసరు గారు సుద్దముక్కను బల్ల మీద రెండుసార్లు తట్టారు. "ఆసక్తి ఉందా వాడికి? లేక ఇది కూడా నువ్వే చెబుతున్నావా?"

నేను కలం కింద పెట్టేశాను. శెట్టిగారిని శుక్రవారం రమ్మని కబురు పంపారు.

శుక్రవారం మధ్యాహ్నం

శెట్టిగారు భోజనం వేళకు చేతిరిక్షాలో వచ్చారు. గోళ్ళ అంచుల్లో నీలం ఇంకిపోయి ఉంది, ఎన్ని స్నానాలు చేసినా పోని నీలం. ప్రొఫెసరు గారు క్లాసులో ఉన్నారు. లేబొరేటరీ పక్క గదిలో నేను, శెట్టిగారు కూర్చున్నాం. శేషాచలం నిలబడ్డాడు. వాడి కళ్ళు నన్నే బతిమాలుతున్నాయి.

"ఏమి సారూ, కబురంపినారంట. వాడేమన్నా తప్పు చేసినాడా?"

"లేదండీ. సబ్జెక్టు మార్చుకుంటే బాగుంటుందని... కెమిస్ట్రీ కొంచెం... అంటే వాడి మార్కులు చూస్తే..." నీళ్ళు నములుతున్నాను. ఇచ్చిన మాట నిలబెట్టుకుందామంటే అబద్ధం రావడం లేదు, నిజం చెబుదామంటే మాట అడ్డొస్తోంది.

శేషాచలం ఒక అడుగు ముందుకు వచ్చాడు. "నాయనా, నాకు రంగులు తెలవవు. సారు మీద తప్పేమీ లేదు. నాకు ఎరుపేదో ఆకుపచ్చేదో తెలవదు. అమ్మని ఏమీ అనొద్దు నాయనా."

పక్కన మునుసామి సీసాలు కడిగే చప్పుడు ఆగింది. శెట్టిగారు కొడుకును చూస్తూ కూర్చున్నారు. కోపమో దుఃఖమో వస్తుందని కాచుకున్నాను.

"అదా? అది నాకు తెలుసు గదరా" అన్నారాయన.

"తెలుసునా?"

"నీ ఏడో ఏటనే తెలుసు. నూలు చిలపలు సర్దమంటే ఎర్రవీ ఆకుపచ్చవీ కలిపి పెట్టినావు. ఆ పై నెలే డబ్బాలకంతా నంబర్లు ఏయించినా. నీ ఒక్కడికే ఏయిస్తే పదిమందికీ తెలిసిపోతాదని కొట్లో ఉండే అన్నిట్కీ ఏయించినా. ఇప్పుడు నేతగాళ్ళు కూడా నంబరు చెప్పే అడగతా ఉండారు. పదేండ్లయ్యె." గొంతు సవరించుకున్నారు. "మీ అమ్మకి తెలిస్తే మనసు కష్టపడతాదని నేను గమ్మున ఉంటిని."

ఆ ఇంట్లో భార్య భర్తకు చెప్పలేదు, భర్త భార్యకు చెప్పలేదు, కొడుకు ఇద్దరికీ చెప్పలేదు. అందరికీ తెలుసు. పదేళ్ళు ఒకరి కోసం ఒకరు నోరు మూసుకుని బతికారు. శేషాచలం గోడకు ఆనుకుని కుర్రవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. కుర్రవాడే కదా.

నాకు మాత్రం ఒకటి అర్థం కాలేదు. "మరి తెలిసి తెలిసి కెమిస్ట్రీకి ఎందుకు ఒప్పుకున్నారండీ?"

శెట్టిగారు నావైపు ఆశ్చర్యంగా చూశారు. "మీరే గదా సారూ చెప్పినారు? పెద్ద చదువు చదువుకున్నోళ్ళు. వీడేమో తలూపె. రంగులతో పనిలేని కెమిస్ట్రీ కూడా ఉండాదేమో, వీడికి ఇష్టమేమో అనుకుంటి."

"నాయన తలూపినాడని నేనూపినా సార్" అన్నాడు శేషాచలం కళ్ళు తుడుచుకుంటూ.

నా జీవితంలో నన్ను చాలామంది పై అధికారులు తిట్టారు. కొందరు అన్యాయంగా, కొందరు న్యాయంగా. ఆ తండ్రీకొడుకులు ఏ మాత్రం నిష్ఠురం లేకుండా చెప్పిన ఆ రెండు ముక్కల ముందు అవేవీ లెక్కలోకి రావు. క్షమించమని అడిగాను. శెట్టిగారికి ఎందుకో అర్థమే కాలేదు. "ఊరుకోండి సారూ, మంచికే గదా చెప్పినారు" అన్నారు. మంచికే చెప్పాను. ఆ మాట నిజమే, కానీ నాకు ఊరట కలగలేదు.

ఫారం తీశాను. కారణం అనే గడి ఇంకా ఖాళీగానే ఉంది. చూడండి అలవాటు ఎంత చెడ్డదో: ఇంత జరిగాక కూడా నేను కుర్చీలో ఉన్నాయనవైపే తిరిగి, "అయితే ఏం రాయమంటారండీ?" అన్నాను.

"నన్నెందుకు అడగతారు?" అన్నారు శెట్టిగారు. "చదివేవాడు ఆడ నిలబడుకోనుండాడు గదా." లేచి తన కుర్చీని కొడుకు వైపు తోశారు. "కూచోరా. ఏం చదవాలని ఉండాది నీకు? నాకోసరం వద్దు, సారు కోసరం వద్దు. చెప్పు."

శేషాచలం కూర్చున్నాడు. "లెక్కలు నాయనా" అన్నాడు.

"లెక్కలంటే? కొట్లో లెక్కలా?"

"కాదు నాయనా. ఇప్పుడు ఒక గజం గుడ్డ ఉండాదనుకో. సగం కత్తిరిస్తివి. మిగిలిన దాంట్లో మళ్ళా సగం. దాంట్లో మళ్ళా సగం. ఇట్నే పోతా ఉంటే గుడ్డ ఎప్పటికీ అయిపోదు. కత్తిరించిన ముక్కలన్నీ కలిపినా గజం దాటదు. ముక్కలు లెక్కలేనన్ని, కూడితే ఒక్క గజం! అదెట్లా అని నేను ప్రీ-యూనివర్సిటీలో ఉన్నప్పుడు మూడు దినాలు నిద్రపోలా. ఆమేన తెలిసింది..." అని మొదలుపెట్టాడు. మూడు నెలల్లో వాడి నోట పది మాటలు విని ఉండను. ఇప్పుడు ఆగడం లేదు. బల్ల మీద వేలితో గీతలు గీశాడు, నా ఫారం వెనక అంకెలు వేశాడు, మధ్యలో తనలో తనే నవ్వుకున్నాడు. రంగులు లేని చోట వాడు ఎవరి మొహం వంకా చూడటం లేదు. గంట కొట్టినా వినిపించుకోలేదు. శెట్టిగారు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళార్పకుండా మొదటినుంచి చివరిదాకా విన్నారు.

వాడు ఆగాక ఆయన పైగుడ్డతో మొహం తుడుచుకుని నావైపు తిరిగారు.

"సారూ, వాడు చెప్పిన దాంట్లో నాకు ఒక్క ముక్క అర్థం కాలా" అన్నారు. "అదే రాసుకోండి."